కమాండర్ కీన్: పిల్లలకి ఏ భాగంతో మొదలుపెట్టించాలి? అసలు ఈ గేమ్‌కి అంత పేరెందుకు?

బెల్లంముక్క

అందరికీ నమస్కారం. మా పాపకి తొమ్మిదేళ్లు, మైన్‌క్రాఫ్ట్ తప్ప ఇంకో గేమ్ ముట్టదు. సెలవులిచ్చారు కదా, మన చిన్నప్పటి గేములు కొన్ని చూపిద్దామని, పాత గేములు ఇప్పటి కంప్యూటర్లో ఆడించే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామ్ వేసుకుని కూర్చున్నాను. ముందు డేంజరస్ డేవ్ పెట్టాను. కప్పు తీసుకోవడం, తలుపులోకి దూరడం, నిప్పు తగిలి కాలిపోవడం, కాసేపు నవ్వుకుంటూ బాగానే ఆడింది. తర్వాత "నాన్నా, చివరిదాకా ఇంతేనా?" అనేసింది.

అప్పుడు కమాండర్ కీన్ గుర్తొచ్చింది. మా స్కూల్ ల్యాబులో ఒకే ఒక్క మెషీన్‌లో ఉండేది, దాని ముందు కుర్చీ ఎప్పుడూ సీనియర్లదే. నేను ఆడింది తక్కువ, వాళ్ల భుజాల మీంచి చూసింది ఎక్కువ. పసుపు హెల్మెట్ పెట్టుకున్న బుడ్డోడు, అడుగున స్ప్రింగు ఉన్న పోగో కర్ర మీద ఎగురుతూ, చేతిలో తుపాకీ పట్టుకుని మార్స్ మీద తిరుగుతుంటాడు, అంతే గుర్తుంది. మొదటి భాగం దింపుకుని పెట్టాను. పాపకి బొమ్మలు నచ్చాయి. కానీ కొన్ని చిక్కులొచ్చాయి.

కాల్చాలంటే కంట్రోల్, ఆల్ట్ రెండూ కలిపి నొక్కాలట. కుడివైపు పరిగెడుతూ అలా నొక్కగానే గేమ్ కాదు, లాప్‌టాప్ తెర మొత్తం పక్కకి తిరిగి పడుకుంది! పాప పడీ పడీ నవ్వింది, నాకు మాత్రం టెన్షన్, ఆఫీసు లాప్‌టాప్ అది. మంచు ఉన్న చోట కీన్ ఆగడు, జారి జారి చచ్చిపోతున్నాడు. పైగా ఒకరేమో మొదటి భాగం నుంచే ఆడాలంటారు, ఇంకొకరు నేరుగా నాలుగోది పెట్టమంటారు.

చివరిగా మా తమ్ముడి ప్రశ్న. వాడు పక్కన కూర్చుని చూసి, "టీవీకి తగిలించుకునే వీడియోగేమ్‌లో మేరియో దీనికంటే జోరుగా పరిగెత్తేవాడు, అది 1985 నాటి గేమ్, ఇది 1990లో వచ్చింది, దీనికి ఇంత బిల్డప్ దేనికి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే చెప్పండి, వాడి నోరు మూయించాలి.


ఫ్లాపీరావు

ముందు లాప్‌టాప్ సంగతి. కంట్రోల్, ఆల్ట్, పై బాణం కలిపి నొక్కండి, తెర మళ్లీ నిలబడుతుంది. కొన్ని లాప్‌టాప్‌ల గ్రాఫిక్స్ డ్రైవర్లలో కంట్రోల్, ఆల్ట్‌తో పాటు బాణం కీ నొక్కితే తెర ఆ దిక్కుకి తిరిగేలా షార్ట్‌కట్ ఉంటుంది. మీరు కుడి బాణం పట్టుకుని కాల్చారు కాబట్టి అది తన పని తాను చేసింది. గ్రాఫిక్స్ సెట్టింగుల్లోకి వెళ్లి హాట్‌కీలు ఆపేయండి.

అంతకంటే తేలిక దారి ఇంకోటి ఉంది. డాస్‌బాక్స్‌లో కంట్రోల్ ఎఫ్1 నొక్కితే కీబోర్డు బొమ్మ వస్తుంది. అందులో కంట్రోల్ మీద క్లిక్ చేసి, యాడ్ నొక్కి, కీబోర్డు మీద జెడ్ కొట్టండి. ఆల్ట్‌కి అలాగే ఎక్స్ పెట్టండి. సేవ్ చేయడం మర్చిపోవద్దు. ఇక జెడ్ దూకడానికి, ఎక్స్ పోగోకి, రెండూ కలిపితే తుపాకీ. విండోస్‌కి కంట్రోల్ ఆల్ట్ నొక్కిన సంగతే తెలియదు కాబట్టి తెర తిరగదు.

అసలు డాస్‌బాక్సే వద్దనుకుంటే కమాండర్ జీనియస్ అని ఉచిత ప్రోగ్రామ్ ఒకటుంది. గేమ్ ఫైళ్లు దాని ఫోల్డర్‌లో పడేస్తే చాలు, కాల్చడానికి విడిగా ఒక కీ పెట్టుకోవచ్చు, జాయ్‌స్టిక్ కూడా పట్టుకుంటుంది.

మంచుకి మందు లేదండీ. పరిగెత్తి దూకడం మానేసి, ఆగి దూకమనండి.


286_టర్బోబటన్

మీ తమ్ముడి ప్రశ్న మంచి ప్రశ్న, నిజంగానే. జవాబు కొంచెం పెద్దది, ఓపిక చేసుకోండి.

ఆ టీవీ వీడియోగేమ్ డబ్బా, అంటే మన ఊళ్లలో దొరికిన నింటెండో నకళ్లు, అందులో బొమ్మ గీయడానికే విడిగా ఒక చిప్ ఉండేది. వెనక కనిపించే కొండలూ మేఘాలూ పక్కకి జరపాలంటే ఆ చిప్‌కి ఒక అంకె మార్చి ఇస్తే చాలు, తెర మొత్తం మెత్తగా జరుగుతుంది. మేరియో, తాబేళ్లు, పుట్టగొడుగులు లాంటి కదిలే బొమ్మల్ని కూడా ఆ చిప్పే వేరే పొరగా పైన అతికిస్తుంది. ప్రాసెసర్ చిన్నదే, కానీ బరువంతా చిప్ మోస్తుంది. ఆ డబ్బా చేసిందే ఆటలాడటానికి.

పీసీ అలా కాదు. దానికి పదింతల డబ్బు పెట్టినా అది లెడ్జర్లు, లెటర్లు టైపు చేసుకోవడానికి పుట్టిన మెషీన్. తెర మీద బొమ్మ చూపించే ఈజీఏ కార్డులో 320 x 200 తెర, 16 రంగులు. లెక్క వేసుకోండి, 64,000 చుక్కలు, ఒక్కో దానికి 4 బిట్లు, మొత్తం 32,000 బైట్లు. తెర ఒక్క చుక్క పక్కకి జరగాలన్నా ఈ మొత్తాన్ని ప్రాసెసర్ తన చేత్తో మళ్లీ గీయాలి, అదీ సెకనుకి చాలాసార్లు. అప్పటి 286 ప్రాసెసర్‌కి అంత దమ్ము లేదు. అందుకే డేవ్‌లో ఏమవుతుంది? అంచుకి చేరేదాకా తెర కదలదు, చేరాక ఒక్కసారిగా పక్క భాగం వచ్చి కూర్చుంటుంది. అది డేవ్ రాసిన రొమేరోకి చేతకాక కాదు, అప్పటి పీసీ గేములన్నీ దాదాపు అంతే.

1990లో అమెరికాలో లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్ అనే ఊళ్లో, సాఫ్ట్‌డిస్క్ అనే కంపెనీలో జాన్ కార్మాక్ అనే కుర్రాడు పనిచేసేవాడు. నెలనెలా చందాదారులకి ఫ్లాపీల్లో ప్రోగ్రాములు పంపే కంపెనీ అది. మన డేవ్ రాసిన జాన్ రొమేరో కూడా అక్కడే. కార్మాక్ గమనించిందేమిటంటే, ఈజీఏ కార్డుకి ఒక చిన్న విద్య తెలుసు. "మెమరీలో ఫలానా చోటు నుంచి చూపించు" అని చెబితే అక్కడి నుంచి చూపిస్తుంది. కాబట్టి తెరకంటే కొంచెం పెద్ద బొమ్మ ముందే గీసి పెట్టుకుంటే, చూపించే చోటు చుక్క చుక్క జరుపుతూ పోవచ్చు, మళ్లీ గీయక్కర్లేదు. కానీ అలా 16 చుక్కలు జరిగాక గీసి పెట్టుకున్నది అయిపోతుంది. అప్పుడు మొత్తం గీయాల్సిందేగా? ఇక్కడే ఉంది అసలు తెలివి. లెవల్ అంతా 16 x 16 పలకలతో కట్టిందే. తెర ఒక గడి పక్కకి జరిగినప్పుడు, ఆ గడిలో ఇంతకుముందు ఉన్నదీ ఇప్పుడు రావాల్సిందీ ఒకటే అయితే ముట్టుకోనక్కర్లేదు. ఆకాశం పక్కన ఆకాశమే, ఇటుక పక్కన ఇటుకే. మారిన పలకలు మాత్రమే గీస్తే చాలు. అవి కొన్నే ఉంటాయి. దీనికి అడాప్టివ్ టైల్ రిఫ్రెష్ అని పేరు పెట్టారు.

ఇప్పుడు కీన్ మొదటి భాగం మళ్లీ చూడమనండి మీ తమ్ముణ్ని. అంత ఖాళీ ఆకాశం, ఒకే రకం నేల మళ్లీ మళ్లీ ఎందుకొస్తుందో అర్థమవుతుంది. అది బద్ధకం కాదు, అలా లేకపోతే తెర తడబడుతుంది.

దీన్ని చూపించడానికి కార్మాక్, అక్కడే పనిచేసే టామ్ హాల్ కలిసి 1990 సెప్టెంబరులో ఒక రాత్రి కూర్చుని మేరియో 3 మొదటి లెవల్‌ని పీసీ మీద అచ్చంగా దించేశారు. మేరియో బదులు అందులో పెట్టింది ఎవర్నో తెలుసా? మన డేవ్‌నే! దాని పేరు కూడా డేంజరస్ డేవ్ ఇన్ కాపీరైట్ ఇన్‌ఫ్రింజ్‌మెంట్, అంటే చేస్తున్నది కాపీ అని పేరులోనే ఒప్పేసుకున్నారు. ఆ ఫ్లాపీ పొద్దున్నే రొమేరో టేబుల్ మీద ఉంది. అది చూశాక ఆయనకి ఆ ఉద్యోగం మీద ధ్యాస పోయింది. తర్వాత అందరూ కలిసి మేరియో 3 నమూనా ఒకటి పూర్తిగా చేసి నింటెండోకి పంపారు. వాళ్లు పీసీ మీదకి రావడం మాకు ఇష్టం లేదన్నారు. సరే, మేరియో ఇవ్వకపోతే మన బుడ్డోణ్ని మనమే చేసుకుందాం అని చేసిందే కీన్. పగలు ఉద్యోగం, రాత్రి కీన్. మూడు భాగాలూ మూడు నెలల్లోపే అయ్యాయి, 1990 డిసెంబర్ 14న బయటికొచ్చింది.

కాబట్టి తమ్ముడికి చెప్పండి, మేరియో జోరుగా పరిగెత్తడం నిజమే, కానీ అక్కడ దారి ముందే వేసి ఉంది. ఇక్కడ దారి లేని చోట వేసుకుంటూ పరిగెత్తారు.


జాజ్_కుందేలు

ఇంత చరిత్ర ఎందుకు గురూ, పాప ఆడుకోవాలి, పరీక్ష రాయదు.

నా మాట వింటే కీన్ వదిలేసి జాజ్ జాక్‌రాబిట్ పెట్టండి. 1994. పచ్చ కుందేలు, తలకి ఎర్ర గుడ్డ, చేతిలో తుపాకీ, ఎదురొచ్చేవన్నీ తాబేళ్లు. కుందేలూ తాబేలూ కథ మనందరికీ తెలిసిందే, ఈసారి కుందేలు తుపాకీతో వచ్చింది. 256 రంగులు, అదిరిపోయే పాటలు, సర్రున దూసుకుపోతుంది. షూటర్ అంటే అదీ. కీన్‌లో ఏముంది, కాల్చడానికి గుళ్లే ఉండవు! ఒక తుపాకీ దొరికితే అయిదు గుళ్లు. వార్టికాన్ అనే పెద్ద శత్రువు ఒక్కటి ఎదురైతే నాలుగు దానికే ఖర్చు. మిగిలిన ఒక్క గుండు దాచుకుని ఎంతదూరం పోతాం? దాన్ని షూటర్ అనడం నాకు నచ్చదు.


యార్ప్‌బాబాయి

జాజ్ తమ్ముడూ, నువ్వు తిడుతున్నావో పొగుడుతున్నావో తెలియట్లేదు గానీ, నువ్వు చెప్పిందే కీన్ గొప్పతనం. గుళ్లు లేవు కాబట్టే ప్రతి చోటా ఆగి ఆలోచిస్తాం, దీన్ని కాల్చాలా, పైనుంచి దూకి దాటిపోవాలా అని. జాజ్‌లో వేలు బటన్ మీంచి తీయం, అదీ ఒక సరదానే, నేనూ ఆడాను. కానీ ఏ తాబేలు ముఖమూ గుర్తులేదు నాకు. కీన్‌లో ప్రతి జీవీ గుర్తుంది.

బెల్లంముక్క గారూ, పాపకి యార్ప్‌ల గురించి ముందే చెప్పండి. పచ్చగా, ఒంటికన్నుతో ఉంటాయి, మొదటి లెవల్లోనే కనిపిస్తాయి. అవి మనల్ని ఏమీ చేయవు. ఊరికే దగ్గరికొచ్చి తోస్తాయి, పెళ్లి భోజనాల దగ్గర బంతి కోసం వెనక నుంచి తోసేవాళ్లలా. ఆ తోపుడులో గుంతలో పడితే అది మన ఖర్మ. నెత్తిన దూకితే కాసేపు మగతగా నిలబడిపోతాయి, ఆ సందులో దాటిపోవచ్చు. కాల్చినా చస్తాయి. కానీ చచ్చినది మాయం కాదు, అక్కడే పడి ఉంటుంది. తిరిగి అదే దారిలో వస్తే దాని మీంచి నడవాలి. ఇది కావాలనే పెట్టారు. టామ్ హాల్ పట్టుబట్టి పెట్టించాడు, పిల్లలకి కాల్చడమంటే ఏమిటో తెలియాలని. మా వాడు చిన్నప్పుడు ఒక యార్ప్‌ని కాల్చి, ఆ లెవల్ అయ్యేదాకా దానివైపు వెళ్లనేలేదు. నాలుగో భాగం నుంచి ఈ గొడవ లేదు, తుపాకీ స్టన్నర్ అయింది, తగిలితే నెత్తి చుట్టూ చుక్కలు తిరుగుతూ సొమ్మసిల్లుతాయి అంతే.

ఇక కథ. కీన్ అసలు పేరు బిల్లీ బ్లేజ్, వయసు ఎనిమిది. సూపు డబ్బాలు, రబ్బరు జిగురు, ప్లాస్టిక్ గొట్టాలతో పెరట్లో రాకెట్ కట్టుకుంటాడు. అమ్మానాన్నా బయటికెళ్లి, చూసుకోవడానికి వచ్చిన ఆవిడ నిద్రపోగానే, అన్నయ్య ఫుట్‌బాల్ హెల్మెట్ తగిలించుకుని మార్స్‌కి. అక్కడ తిరిగొచ్చేసరికి వార్టికాన్లు రాకెట్ నుంచి నాలుగు భాగాలు ఎత్తుకుపోయి ఉంటారు. ఏంటా భాగాలు? ఒక జాయ్‌స్టిక్, ఒక కారు బ్యాటరీ, ఒక వాక్యూమ్ క్లీనర్, ఇంధనం కోసం ఒక సీసా. ఆ సీసాలో ఏముంటుందో పాప అడిగితే పెట్రోలు అని చెప్పండి. ఇంట్లో చేతికి దొరికిన సామానుతో ఎనిమిదేళ్ల పిల్లాడు రాకెట్ కడితే ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఆలోచించారు, అందుకే పిల్లలకి ఇది అబద్ధంలా అనిపించదు. టెడ్డీబేర్ దొరికితే అయిదు వేల పాయింట్లు, పుస్తకానికి వెయ్యి, లాలీపాప్‌కి వంద. ఎవరి లెక్కో చూశారా, పిల్లాడి లెక్క.

పోగో కర్ర మొదటి నుంచీ చేతిలో ఉండదు, మ్యాప్ మీద ఒక చిన్న గుడిలాంటి చోట దొరుకుతుంది, ముందు అక్కడికి వెళ్లమనండి. అది లేకుండా తిరిగితే సగం చోట్లు అందవు. దాని మీద ఉన్నప్పుడు దూకే కీ పట్టుకునే ఉంటే ఇంకా ఎత్తుకి ఎగురుతుంది.

సేవ్ చేయడం మ్యాప్ మీద మాత్రమే కుదురుతుంది, ఎఫ్5. లెవల్ మధ్యలో కుదరదు. ఒక్క దెబ్బకే పోతాడు, పోతే మళ్లీ మ్యాప్ మీదకి. అన్ని లెవల్సూ ఆడాలని కూడా లేదు, దారికి అడ్డం లేనివాటిని వదిలేసి పోవచ్చు. మరీ ఏడిస్తే సి, టి, స్పేస్ మూడూ కలిపి నొక్కండి, పోగో, గుళ్లు అన్నీ వస్తాయి. నేను చెప్పానని చెప్పకండి.

మీ పాపకి మైన్‌క్రాఫ్ట్ ఇష్టమన్నారు కదా, ఇది మాత్రం తప్పకుండా చూపించండి. కీన్‌లో అక్కడక్కడా బోర్డుల మీద వింత అక్షరాలుంటాయి. అది స్టాండర్డ్ గెలాక్టిక్ ఆల్ఫాబెట్. ఇంగ్లిష్ అక్షరాలకి ఒక్కోదానికి ఒక్కో గుర్తు, అంతే, వేరే భాష కాదు. మైన్‌క్రాఫ్ట్‌లో ఎన్‌చాంటింగ్ టేబుల్ తెరిస్తే కనిపించే అక్షరాలు ఇవే! ఇక్కడి నుంచే తీసుకున్నారు. ఆ రోజుల్లో మేం నోట్‌బుక్కులో ఒక్కో గుర్తు ఊహించి రాసుకున్నాం. మూడో భాగంలో ఒక రహస్య లెవల్ ఉంది, అందులో మొత్తం పట్టీ ఇచ్చేశారట. మా దగ్గర మూడో భాగం ఉంటే కదా!


డేవ్_కప్పు

మూడో భాగం ఎవరి దగ్గరా ఉండేది కాదు బాబాయి. దానికీ కారణముంది. మొదటి భాగం షేర్‌వేర్. ఎవరైనా కాపీ చేసి ఎవరికైనా ఇవ్వొచ్చు, అలా ఇవ్వాలనే దాన్ని వదిలారు. నచ్చితే డబ్బు పంపి మిగతా రెండూ పోస్టులో తెప్పించుకోవాలి. ఫ్లాపీ నుంచి ఫ్లాపీకి పాకుతూ మన ల్యాబుల దాకా వచ్చింది ఆ మొదటిదే. అమెరికాకి చెక్కు పంపి రెండోది తెప్పించుకునేవాడు మా ఊళ్లో ఎవడున్నాడు? డేవ్ షేర్‌వేర్ కాదు, అయినా వచ్చింది, అది వేరే సంగతి. 

ఈ షేర్‌వేర్ వెనక ఉన్నది టెక్సాస్‌లోని అపోజీ, దాని యజమాని స్కాట్ మిల్లర్. ఆయన రొమేరోని పట్టుకున్న పద్ధతే ఒక సినిమా. ఉద్యోగం చేస్తున్న కంపెనీకి ఉత్తరం రాస్తే వాళ్లు విప్పి చదువుతారేమోనని, రకరకాల పేర్లతో అభిమానిలా ఉత్తరాలు రాశాడు, మీ గేమ్ అద్భుతం, ఫోన్ చేయండి అని. రొమేరో మురిసిపోయి గోడకి అంటించుకున్నాడు. కొన్నాళ్లకి చూస్తే అన్నిటి మీదా ఒకటే అడ్రస్! కోపంతో తిడుతూ జవాబు రాశాడు, అక్కడి నుంచి మాట కలిసింది. మిల్లర్ రెండు వేల డాలర్లు అడ్వాన్స్ ఇచ్చాడు, కీన్ వచ్చాక మొదటి చెక్కు 10,500 డాలర్లు. ఇక ఉద్యోగం ఎందుకు? 1991 ఫిబ్రవరి 1న ఐడీ సాఫ్ట్‌వేర్ పెట్టేశారు. తర్వాత డూమ్ అనే గేమ్ తీసిందీ ఈ కుర్రాళ్లే. సాఫ్ట్‌డిస్క్‌ని వదిలినా ఒప్పందం ప్రకారం దానికి కొన్ని గేములు చేసిపెట్టారు. మనం డేవ్ 2 అని ఆడిన దెయ్యాల కొంప గేమ్, అదే, డేవ్ చేతికి పెద్ద తుపాకీ వచ్చిన గేమ్, అది వాటిలో ఒకటి.


జాజ్_కుందేలు

సరే ఒప్పుకుంటాను, యార్ప్ బాగుంటుంది. జాజ్ మాత్రం ఇంకా జోరే.


286_టర్బోబటన్

జోరే. కాకపోతే జాజ్ వచ్చేసరికి అందరి ఇళ్లలో 286 కంటే జోరైన 386లు, 486లు. ఆ మెషీన్ల మీద తెర జరపడం పెద్ద విద్య కాదు. 1991లో వచ్చిన మొదటి డ్యూక్ న్యూకెమ్ పెట్టి చూడు, అదీ అపోజీదే, అదీ పక్కకి పోతూ కాల్చే గేమే, గుళ్లు కావలసినన్ని. తెర మాత్రం గడి గడి చొప్పున ఎగిరెగిరి జరుగుతుంది. కీన్ తర్వాత వచ్చిన గేమ్ అది.


బెల్లంముక్క

అందరికీ థాంక్స్. ఫ్లాపీరావు గారు చెప్పినట్టు జెడ్, ఎక్స్ పెట్టాను, తెర పడుకోవడం ఆగింది. తమ్ముడికి 286 గారి పోస్టు మొత్తం చదివించాను. "అయితే ఆకాశం ఖాళీగా ఉండటం కూడా టెక్నాలజీయేనా" అని వెటకారం చేశాడు గానీ, తర్వాత డ్యూక్ కూడా దింపుకుని రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఇంకేం మాట్లాడలేదు.

పాప సంగతి చెప్పాలి. గెలాక్టిక్ అక్షరాలు చూడగానే గేమ్ ఆపేసి మైన్‌క్రాఫ్ట్ తెరిచింది. ఇప్పుడు కాగితాల మీద ఆ లిపిలో నాకు చీటీలు రాస్తోంది, నేను పట్టీ దగ్గర పెట్టుకుని చదువుకోవాలి. గేమ్‌లో మాత్రం మొదటి భాగం కష్టంగానే ఉందంటోంది. మధ్యలో సేవ్ లేకపోవడం దానికి అన్యాయంలా ఉంది. నాలుగోదానికి మారిపోనా, లేక కథ పోతుందా?


యార్ప్‌బాబాయి

మారిపోండి. కథకి పెద్దగా నష్టం లేదు, మూడు భాగాల కథ రెండు వాక్యాల్లో చెప్పేయొచ్చు. రెండో దాంట్లో వార్టికాన్ల పెద్ద ఓడలోకి ఎక్కి, భూమి వైపు గురిపెట్టిన ఎనిమిది ఫిరంగులు పగలగొట్టాలి, అక్కడ తప్పు మీట నొక్కితే గేమ్ నిజంగానే భూమిని పేల్చేసి చూపిస్తుంది. మూడోదాంట్లో వీళ్లందరినీ ఆడిస్తున్న మహామేధావి ఎవడో తేలుతుంది, మార్టిమర్ మెక్‌మైర్, కీన్ క్లాస్‌మేట్, కీన్ ఐక్యూ 314 అయితే వాడిది 315. క్లాసులో ఒక్క మార్కు ఎక్కువొచ్చినవాడు విలన్! ఇది మన పిల్లలకి ఎవరూ వివరించక్కర్లేదు.

నాలుగోది 1991 చివర్లో వచ్చింది. లెవల్ మధ్యలో ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు, ఈజీ, నార్మల్, హార్డ్ అని ఎంచుకోవచ్చు, పోగో మొదటి నుంచే చేతిలో ఉంటుంది, అంచు దొరికితే పట్టుకుని పైకెక్కుతాడు. మొదటి మూడింట్లో పీసీ స్పీకర్ కుయ్‌కుయ్‌లే, ఇందులో బాబీ ప్రిన్స్ చేసిన సంగీతం ఉంది, ఆడ్‌లిబ్ అనే సౌండ్ కార్డు ఉన్నవాడింట్లో మేం గుంపుగా కూర్చుని విన్నాం. కీన్‌ని కాసేపు కదపకుండా వదిలేయమనండి, వాడు కింద కూర్చుని పుస్తకం తీసి చదువుకుంటాడు. బొమ్మలూ వేరే స్థాయి, ఎదురుగా చూసినట్టు కాకుండా కొంచెం పైనుంచి చూసినట్టు నేల లోతు కనిపిస్తుంది. కీన్ చేతి గడియారంలోనే మెనూ, అందులో మళ్లీ పాడిల్ వార్ అని బుల్లి టేబుల్ టెన్నిస్ లాంటి గేమ్. మా ఇంట్లో అసలు గేమ్ కంటే దానికే ఎక్కువ గొడవలయ్యాయి.

ఇందులో ఎనిమిది మంది ముసలి పెద్దల్ని విడిపించాలి. ఒకాయన బావి అడుగున ఉంటాడు, ఈత డ్రెస్ సంపాదించుకుని దిగాలి. అక్కడ డోప్‌ఫిష్ ఉంటుంది. పచ్చటి పెద్ద చేప, ముందుకి పొడుచుకొచ్చిన రెండు పళ్లు, మెదడు సున్నా. ఈదడం, ఈదడం, ఆకలి, ఈదడం, ఈదడం, ఆకలి, దాని ఆలోచన అంతే. కాల్చినా లాభం లేదు, నీళ్లలో తుపాకీ పనిచేయదు. తప్పించుకోవడం ఒక్కటే. పక్కన చిన్న చేపలు మన వెంటే ఈదుతుంటాయి, డోప్‌ఫిష్‌కి అవి దొరికితే వాటిని మింగుతుంది, ఆ వ్యవధిలో మనం జారుకోవచ్చు. దీని మీద ఎంత పిచ్చి పెరిగిందంటే, తర్వాత వచ్చిన వేరేవాళ్ల గేముల్లో కూడా మూలమూలలా ఈ చేప బొమ్మ దాచిపెట్టారు, ఐడీ వాళ్ల సొంత గేమ్ క్వేక్‌లో కూడా ఉంది.


డేవ్_కప్పు

కొనాలనుకుంటే స్టీమ్‌లో ఒకటి నుంచి అయిదు దాకా కలిపి ఒకే ప్యాక్‌గా అమ్ముతున్నారు. ఒకటి, నాలుగు షేర్‌వేర్ కాబట్టి అవి రెండూ ఎలాగూ ఉచితం, ముందు నాలుగోది ఆడించి చూసి అప్పుడు కొనండి. ఆరోది ఆ ప్యాక్‌లో లేదు, దాన్ని అప్పట్లో వేరే ప్రచురణకర్త అమ్మాడు. దాని కథ ఏంటంటే, కీన్‌ని చూసుకోవడానికి వచ్చిన అమ్మాయిని గ్రహాంతరవాసులు తినడానికి ఎత్తుకుపోతారు. చివర్లో ఇంకా పెద్ద కథ రాబోతోంది అన్నట్టు ఆపేశారు, అది రానేలేదు. వాళ్లు అప్పటికే వోల్ఫెన్‌స్టైన్ అనే తుపాకుల గేమ్‌లో పడిపోయారు. ఆ వోల్ఫెన్‌స్టైన్ హీరో బ్లాజ్‌కోవిచ్ మన బిల్లీకి తాత అవుతాడని టామ్ హాలే చెప్పాడు, అది మాత్రం పాపకి ఇప్పుడే చూపించకండి.


ఫ్లాపీరావు

నాలుగోదానికి కీల మార్పు మళ్లీ అక్కర్లేదండీ, అందులో కాల్చడానికి స్పేస్ విడిగా ఉంది. తెర కుదుపుతూ జరుగుతుంటే ఆప్షన్స్‌లో ఎస్‌వీజీఏ కంపాటిబిలిటీ అని ఉంటుంది, ఆన్ చేసి చూడండి. ఆఫీసు లాప్‌టాప్‌లో హాట్‌కీలు మాత్రం ఆపేసే ఉంచండి.